సొమ్మొకడిది, సోకొకడి… మూడో ముక్క ఎవరికైనా గుర్తుందా?

గండికోట గాలి:
అందరికీ నమస్తే. మా వీధిలో ఒకడున్నాడు, పేరెందుకులే. ఎవరో అకౌంటు నంబరులో ఒక అంకె తప్పు కొడితే లక్షా చిల్లర వీడి ఖాతాలో పడింది. బ్యాంకుకు పోయి చెప్పాల్సింది పోయి, వెంటనే కొత్త బండి దించాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి పూజ చేయించాడు. వాళ్ళమ్మకు పట్టుచీర, స్నేహితులకు ధాబాలో విందు, మిగిలిన దాంతో జాతరకు తన ఫోటో వేసి ఇంత పొడుగు ఫ్లెక్సీ. దాని మీద పేరు కింద ‘దాత’ అని కూడా రాయించుకున్నాడు, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ఇప్పుడు బ్యాంకువాళ్ళు ఖాతా ఆపేసి లెక్క కట్టమంటున్నారు. బండి అమ్మినా సగం రాదు.

ఇదంతా చెప్తా ఉంటే మా మేనత్త వక్క నములుతూ ‘సొమ్మొకడిది, సోకొకడికి, సా…’ అని ఏదో అనింది. మొదటి రెండు ముక్కలూ అందరికీ తెలిసినవే. కానీ మనమంతా ‘సోకొకడిది’ అంటాం కదా, ఆమె ‘సోకొకడికి’ అన్నట్టు వినబడింది. మూడోది సా తోనో చా తోనో మొదలైంది, సరిగ్గా అప్పుడే కుక్కరు కూత పెట్టింది. మళ్ళీ అడిగితే ‘ఏముందిలే రా’ అని లేచిపోయింది. ఆ మూడో ముక్క ఎవరైనా విన్నారా?

ఉగ్గాని బజ్జి:
మూడో ముక్కేం లేదు తమ్ముడూ, అత్త వక్క ఉమ్మడానికి లేచింటుంది. సామెత రెండు ముక్కలే. దాన్ని కూడా అందరూ ‘సోకు’ అని రాస్తున్నారు చూడు, అదీ నా బాధ. మాట షోకు. ఉర్దూ షౌక్. మోజు, సరదా, ముస్తాబు అన్నీ అందులోనే ఉన్నాయి. షోకిల్లా అంటామా, సోకిల్లా అంటామా? నవాబులేలిన కర్నూల్లో పుట్టినోళ్ళం, ఈ ఒక్క మాటైనా మాకొదిలేయండి.

తెలుగు అయివారు:
షోకిల్లా వరకు ఒప్పుకుంటాను. ‘సోకులాడి’ అనేటప్పుడు ఏ తెలుగువాడి నోట్లోనైనా ష పలుకుతుందా? షౌక్ వచ్చేదాకా మనవాళ్ళు ముస్తాబు కాకుండా ఊరికే కూర్చున్నారా? సొగసు ఉంది, సోగకళ్ళలో సోగ ఉంది, సొగసుకాడు నలిగి నలిగి సోగ్గాడయ్యాడు. సోకు కూడా ఆ కుదురులోదేనని నేను చాలాకాలంగా చెప్తున్నాను, వినేవాళ్ళు తక్కువ.

సరే, గండికోట అబ్బాయి అడిగింది అది కాదు. ‘కి’ అన్నావు చూడు నాయనా, కిటుకంతా అక్కడుంది. ఆ సోకు వేరే సోకు. అది సోఁకు, అరసున్నతో. తాకడం, అంటడం. గాలి సోఁకింది, అంటు సోఁకింది, దయ్యం సోఁకింది అంటామే, అది. పాత కావ్యాల్లో సోకుమూకలంటే రాక్షసమూకలు, ఆ వాసన కూడా దీనికుంది. ‘సొమ్మొకడిది, సోఁకొకడికి’ అంటే డబ్బు ఒకడిది, దాని పీడ తగులుకునేది ఇంకొకడికి. మీ మేనత్త వెక్కిరించలేదు, హెచ్చరించింది.

ఉగ్గాని బజ్జి:
ఒక్క అరసున్న పెట్టి సామెతనే తిరగేస్తిరే సార్. అరసున్న ఈ కాలంలో ఎవరి నోట్లోనూ పలకదు. ఆమె వక్క నములుతా పలికిందని మీకెట్లా తెలిసింది?

తెలుగు అయివారు:
పలకదు కాబట్టే ‘కి’ ని పట్టుకున్నాను. అరసున్న మీద అనుమానముంటే సరిహద్దు దాటి చూడండి. మన దగ్గర అరిగిపోయి అరసున్న అయింది, కన్నడంలో నిండుసున్నగానే ఉంది. సోంకు అంటారు. సోకు చేసుకోవడానికి సోంకు అనరు కదా.

మడకశిర మల్లె:
సోంకు నిజమే అయివారూ. కరోనా అప్పుడు బెంగళూరు టీవీలన్నీ పొద్దస్తమానం సోంకు, సోంకితరు అనే అరిచినాయి. షోకుకు వాళ్ళ మాట శోకి. ‘శోకి మాడ్తానె’ అంటారు. అంటే పక్క భాషలో రెండూ రెండు మాటలుగా విడివిడిగా బతుకుతున్నాయి. మన దగ్గరే ష పోయి, సున్న పోయి, రెండూ సోకు అయి కూర్చున్నాయి. ఉగ్గాని అన్న చెప్పేదీ నిజమే, మీరు చెప్పేదీ నిజమే, ఆ మేనత్త ఏది అనిందో మాత్రం తేలదు.

అయినా ఇట్లాంటి వాడికి మా పక్క అనేది అసలు ఇది కాదప్పా. ‘యారదో దుడ్డు, ఎల్లమ్మన జాత్రె.’ ఎవరిదో దుడ్డు, ఎల్లమ్మ జాతర. ఆ పిల్లోడు జాతరకే ఫ్లెక్సీ కట్టించినాడంటున్నావు, ఇంతకన్నా సరిగ్గా ఏం అతుకుతుంది? ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ ఈ మాట మాత్రం మాకు కన్నడంలోనే నోటికొస్తుంది. తెలుగులో చెప్తే చప్పగా ఉంటుంది.

పెన్నేటి ఇసుక:
చప్పగా ఏముందక్కా, మనకూ ‘మందిది మంగళవారం, మనది సోమవారం’ ఉంది కదా. మనదైతే మంచిరోజు చూసి ముట్టుకుంటాం, మందిదైతే మంగళవారమైనా పర్వాలేదు. నన్నడిగితే ఆ బండికి మొదటి కిక్కు మంగళవారమే కొట్టుంటాడు.

ఇంకో మాట. గండికోట తమ్ముడు ‘ఒకడిది, ఒకడికి’ అని రాసినాడు. మన సీమలో పెద్దోళ్ళు ‘ఒకనిది, ఒకనికి’ అంటారు గానీ ఒకడిది అనరు. మా నాయనమ్మ ‘సొమ్మొకనిది సోకొకనిది’ అనేది. ఆమె నోట డ నేను వినలేదు. మేనత్త డ తో అనిందంటే అది పుస్తకంలోదో సినిమాలోదో అయ్యుండాల, ఇంట్లో పెద్దల నుంచి వచ్చింది కాదు. అట్లాంటప్పుడు ‘కి’ ని పట్టుకుని ఇంత దూరం పోవడం దండగ.

గండికోట గాలి:
అన్నా, డ నేను రాసినప్పుడు పడిందేమో, ఆమె ‘ని’ అనే అనిందేమో. ‘కి’ మాత్రం విన్నా. మూడో ముక్క సంగతి…

పెన్నేటి ఇసుక:
చూసినారా, డ పోయింది. రేపు కి కూడా పోతుంది.

శ్రీకాకుళం చుట్టం:
కడపకు అల్లుడిగా వచ్చినవాణ్ణి, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా ఉత్తరాంధ్రలో సొమ్ములంటే పశువులు. ‘సొమ్ములు కాయడానికెళ్ళాడు’ అంటాం. మీ అయివారి సోఁకుని, మా సొమ్ముని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకడి పశువుకు జబ్బు చేసింది, మందలో కలిసింది, అంటు పక్కవాడి పశువుకి సోఁకింది. సొమ్మొకడిది, సోఁకొకడికి. చేసింది ఒకడు, నష్టం ఇంకొకడికి. గాలికుంటు వచ్చిన ఊళ్ళో ఈ సామెత ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత పశువులు పోయి డబ్బు మిగిలాక సోకు అర్థం మారిపోయుంటుంది.

ఉగ్గాని బజ్జి:
బాగుంది, షోకు కాస్తా పశువుల ఆస్పత్రికి చేరింది.

తెలుగు అయివారు:
నవ్వకండి, అల్లుడుగారు చెప్పింది పూర్తిగా కొట్టిపారేసేది కాదు. సొమ్ము స్వమ్‌కు వికృతి. తనది అనేదే దాని మొదటి అర్థం. ఎవడికి ఏది తనదైతే అదే వాడి సొమ్ము. పశువులున్నవాడికి పశువు, ఆడవాళ్ళకు నగలు, మనకు రొక్కం. మీ ఆడవాళ్ళు పెళ్ళికి పోయేటప్పుడు ‘సొమ్ములు పెట్టుకోవాల’ అంటారే, అది నగలు కదా. నగ అనే అర్థం తీసుకుంటే సామెత ఇంకా బాగా కుదురుతుంది. నగలు ఒకామెవి, పెట్టుకుని ఊరేగేది ఇంకొకామె. పెళ్ళిళ్ళలో ఎరువు తెచ్చుకున్న నగలతో తిరిగేవాళ్ళను చూసి పుట్టిన మాట.

ఉగ్గాని బజ్జి:
అయివారూ, ఇప్పుడు మీరే నా దగ్గరికొచ్చినారు. నగలు పెట్టుకుని ఊరేగడం షోకే కదా? దయ్యం ఎక్కడికి పోయింది?

తెలుగు అయివారు:
నగల అర్థంలో ‘ది’, డబ్బు అర్థంలో ‘కి’. రెండు సామెతలు. ఒకటి అన్నానా నేను?

ఆదోని అంగడి:
పొద్దుట్నుంచి చదువుతున్నా, అంగడిలో బేరాల్లేవు. ష, స ల గురించి నాదొక మాట. సాహుకార్‌లో ష ఎక్కడుంది? మనం షావుకారు చేసుకున్నాం. సర్రాఫ్‌లో ష ఎక్కడుంది? షరాబు అన్నాం. స ఉన్నచోట ష పెట్టుకునే జాతి మనది. కాబట్టి షోకు అని ష తో పలికినంత మాత్రాన అది ఉర్దూది అని తేలిపోదు. సోకు అనే మన మాటకే, కాస్త దర్జాగా ఉంటుందని ష తగిలించుకుని ఉండొచ్చు. మా నాయన కాలంలో లెక్కలు రాసే గుమాస్తా ‘సోమవారం’ ను ‘షోమవారం’ అనేవాడు, ఆయన ఎక్కడా ఉర్దూ చదవలేదు.

ఉగ్గాని బజ్జి:
మరి షౌక్ అనే మాట ఉర్దూలో లేదంటావా? అదే ధ్వని, అదే అర్థం, పక్కనే నవాబు. ఇంకేం కావాల సాక్ష్యం?

ఆదోని అంగడి:
ఉంది. నేను లేదనలేదు. ష ను చూపించి గెలవొద్దు అంటున్నా, అంతే.

బ్యాంకు మాజీ:
భాష సంగతి మీరు చూసుకోండి, నేను ఆ పిల్లోడి సంగతి చెప్తాను. పొరపాటున చేతికొచ్చిన డబ్బు తిరిగిచ్చి తీరాలని 1872 కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్లోనే ఉంది. తెలిసి కూడా వాడుకుంటే అది దుర్వినియోగం కిందికి వస్తుంది, పాత శిక్షాస్మృతిలో 403, కొత్త న్యాయసంహితలో 314. ‘నా ఖాతాలో పడింది కాబట్టి నాది’ అనేవాళ్ళను సర్వీసంతా చూశాను. అందరిదీ ఒకటే ముఖం. మొదట దేవుడిచ్చాడంటారు, తర్వాత బ్యాంకుదే తప్పంటారు, చివరికి వాయిదాల్లో కట్టొచ్చా అని అడుగుతారు. ఖర్చు మాత్రం ఎప్పుడూ అక్కరకొచ్చేదాని మీద పెట్టరు. అప్పు తీర్చుకున్నవాడిని, బోరు వేయించుకున్నవాడిని నేను చూడలేదు. బండి, ఫోను, విందు. కష్టం తెలియని డబ్బు ఖర్చులో కూడా వెలితిగానే ఉంటుంది.

ఒక సంగతి అందరూ తెలుసుకోవాలి. నెఫ్ట్‌లో, అంటే బ్యాంకు నుంచి బ్యాంకుకు ఆన్‌లైన్లో పంపితే డబ్బు పోయేది ఖాతా నంబరును బట్టే, పేరును బట్టి కాదు. ఎదుటివాడి పేరు ముందే చూపించే ఏర్పాటు 2025 ఏప్రిల్ నుంచి బ్యాంకులన్నీ పెట్టాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఒకసారి పేరు చూసి నొక్కండి బాబూ.

అయివారి ‘కి’ కే నా ఓటు. చట్టం చెప్పేదీ అదే కదా, సొమ్మొకడిది, పీడ ఇంకొకడికి.

తెలుగు అయివారు:
మాజీగారికి ధన్యవాదాలు. ఇప్పటికి రెండు ఓట్లు.

ఉగ్గాని బజ్జి:
అల్లుడిది కలిపితే మూడు, కానీ ఆయన పశువుల తరఫున వేసినాడు. మాజీ సార్, ‘అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు’ అనేదాన్ని మీ చట్టంలో ఏ సెక్షన్ కింద పెడతారు?

శ్రీకాకుళం చుట్టం:
అల్లుడి పేరెత్తితే నేనొప్పుకోను. మా అత్తగారి సొమ్ము పైసా ముట్టలేదు.

గండికోట గాలి:
మూడో ముక్క, మూడో ముక్క. సా లేదా చా.

తెలుగు అయివారు:
దాని గురించే చెప్పబోతున్నాను. సా అయ్యే అవకాశమే లేదు నాయనా. సొ కు సో యతి చెల్లుతుంది. షోకు అన్నా చెల్లుతుంది, శషసలు ఒకే కుదురు, కాబట్టి ఉగ్గాని గారు యతితో కూడా నన్ను ఓడించలేరు, నేనూ ఆయన్ను ఓడించలేను. కానీ సొ కు సా చెల్లదు. ఉ, ఊ, ఒ, ఓ ఒక జట్టు, అ, ఆ, ఐ, ఔ ఇంకో జట్టు. మూడో ముక్క సు, సూ, సొ, సో ల్లో ఒకదానితో మొదలు కావాలి. నా ఊహ ‘సుంకమొకడిది’. సొమ్ము ఒకడిది, సోకు ఒకడిది, మధ్యలో సుంకం వసూలు చేసుకునేవాడు ఇంకొకడు. సుంకులమ్మను కొలిచే సీమలో, ఊరికో సుంకన్న, సుంకమ్మ ఉన్న చోట, ఇది పుట్టకుండా ఉంటుందా?

పెన్నేటి ఇసుక:
అయివారూ, సామెతకు యతేంది? ‘మందిది మంగళవారం, మనది సోమవారం’ లో మనదికీ సోమవారానికీ ఏం చెల్లింది? ముసలమ్మలు పొయ్యి దగ్గర గణాలు లెక్కపెట్టుకుని మాట్లాడరు. సుంకులమ్మకూ పన్ను సుంకానికీ సంబంధం ఉందనేది మీ సొంత సరుకు, అది ఇంకో పోస్టు పెట్టుకోండి.

తెలుగు అయివారు:
పెడతాను. వచ్చి చదవాలి మరి.

మడకశిర మల్లె:
నాకు సాకు అనిపిస్తోంది. ‘సొమ్మొకనిది, సోకొకనిది, సాకొకనికి.’ డబ్బు పోయినాక నెపం మాత్రం ఇంకెవడి మీదనో పెడతారు కదా, బ్యాంకు తప్పు, పంపినోడి తప్పు అని. మాజీ సార్ చెప్పిన రెండో ముఖం అదే. మా పక్క కన్నడంలో సాకు అంటే చాలు అని. ఆమె చెప్పింది సామెతే కాకపోవచ్చు, సొమ్మొకడిది, సోకొకడికి, సాకు! అని విసుక్కుని లేచిపోయిందేమో. ఆ మేనత్త నోట కన్నడం రాదులే, ఊరికే అన్నా.

ఉగ్గాని బజ్జి:
సాకు కాదు, సావు. మనకు చావు ఎప్పుడూ సావే. సొమ్మొకనిది, సోకొకనిది, సావొకనికి. తప్పు నంబరు కొట్టి లక్ష పోగొట్టుకున్నోడు ఒకడున్నాడు, వాని సంగతి ఇంతసేపట్లో ఎవరూ తలచలేదు చూసినారా? సావు వానికి.

ఆదోని అంగడి:
ఈ థ్రెడ్‌లో ఇదొక్కటే నాకు నచ్చిన మాట. ఆ పంపినాయన ఎవరికి పంపబోయినాడో, దేనికి పంపబోయినాడో.

రాగిరేకు:
ఇంత పొడుగు చర్చలో ఒక్కరికీ అన్నమయ్య గుర్తు రాకపోవడం కడప జిల్లాకే అవమానం. ‘రూకలై మాడలై రువ్వలై తిరిగీని, దాకొని వున్నచోటఁ దానుండ దదివో.’ అయిపోయింది కదా. ఆ పిల్లోడి ఖాతాలో పడి, బండై, చీరై, ఫ్లెక్సీ అయి, ఇప్పుడు మళ్ళీ తిరుగు దారి పట్టింది. ఈ సామెత ఎన్ని ముక్కలైనా ఆ పల్లవి ముందు నిలబడదు. ‘తిరిగీని’ అనడంలో ఉన్న ఊపు ‘తిరుగుతుంది’ అంటే వస్తుందా? ఆ ‘ఈని’ లోనే నాణెం దొర్లుతున్న చప్పుడుంది.

పెన్నేటి ఇసుక:
తాళ్ళపాక వాళ్ళు ఇంకా రాలేదేమిరా అనుకుంటున్నా. మా వేమన చెప్పలేదా? ‘తేనెటీగ గూర్చి తెరువరి కియ్యదా.’ ఒక్క పాదం. రాగం, తాళం, తాళపత్రం, రాగిరేకు ఏదీ అక్కర్లేదు, వేమన సమాధి ఉన్న కటారుపల్లిలో గొర్రెలు కాసేవాడికి కూడా నోటికొస్తుంది. సొమ్ము ఈగది, సోకు తెరువరిది.

రాగిరేకు:
వేమన తిట్టింది దాచుకున్నోడిని, దారిన పోయి తిన్నోడిని కాదు. చర్చ నడుస్తున్నది తిన్నోడి గురించి. మీ పద్యంలో తెరువరి హాయిగా తేనె నాకి వెళ్ళిపోతాడు, వాడికేమీ సోఁకదు. అన్నమయ్య దగ్గర డబ్బుకే కాళ్ళున్నాయి, ఎవరి దగ్గరా నిలవదు, దాచినోడి దగ్గరా, తిన్నోడి దగ్గరా. రెండిటికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా.

తెలుగు అయివారు:
మీరిద్దరూ జిల్లాల గొడవ పెట్టుకోకండి. వేమన మీద 1928లో ఉపన్యాసాలిచ్చింది అనంతపురం జిల్లా రాళ్ళపల్లి ఆయనే, తర్వాత తిరుపతిలో కూర్చుని అన్నమయ్య పాటలకు స్వరాలు కట్టిందీ ఆయనే. అనంతకృష్ణశర్మగారికి లేని పేచీ మనకెందుకు?

నా సందేహం వేరే. ‘దాకొని’ అన్నాడు కదా, ఎవరు దాకొన్నారు? మనిషి దాచుకుని ఉన్న చోటనా, డబ్బే దాక్కుని ఉన్న చోటనా? తానుండదు అనేటప్పుడు తాను డబ్బు. కర్త ఒక్కటే అనుకుంటే దాక్కున్నది కూడా డబ్బే కావాలి. డబ్బు తనంతట తానే ఒక మూల దాక్కుని, అక్కడ కూడా ఉండలేక బయటికొస్తుంది. దాచినవాడు ఆ పల్లవిలో లేనే లేడు.

రాగిరేకు:
లేడంటే ఒప్పుకోను అయివారూ. పాడి చూడండి. దాకొని దగ్గర ఆగి, తానుండదు అని ఎత్తుకుంటాం. ఆ ఆగినచోట మనిషి ఉన్నాడు. పాడేవాళ్ళకు తెలుస్తుంది, చదివేవాళ్ళకు తెలియదు.

ఉగ్గాని బజ్జి:
అంటే మూల దాక్కున్నది గొంతులోనా, వ్యాకరణంలోనా?

శ్రీకాకుళం చుట్టం:
‘రువ్వలై’ అంటే చిల్లర నాణేలే కదా? లేక రువ్వడం, విసిరేయడం కూడా అందులో ఉందా? మా అత్తవారింట్లో మామిడికాయలు రాలగొట్టేటప్పుడు ‘రాయి రువ్వు’ అంటారు. డబ్బు విసిరేసినట్టు ఖర్చుపెట్టేవాడికి అది బాగా నప్పుతుంది.

రాగిరేకు:
రువ్వ నాణెమే. కానీ ఆయన రెండో అర్థం వినబడకూడదని రాశాడని నేను అనుకోను. రూక, మాడ చెప్పి మూడోదానికి రువ్వను ఎంచుకోవడం ఊరికే కాదు. అల్లుడుగారికి పశువుల నుంచి పాటల దాకా మంచి చెవే ఉంది.

తెలుగు అయివారు:
యతికోసం వచ్చిందండీ రువ్వ. రూ కు రు. అన్నిటికీ లోతు వెతక్కండి.

పెన్నేటి ఇసుక:
సుంకానికి సుంకులమ్మను తెచ్చింది ఎవరో!

గండికోట గాలి:
మేనత్తకు ఫోన్ చేసినా. ఆ మాట అన్నట్టు ఆమెకు గుర్తే లేదు. ‘సొమ్మొకనిది సోకొకనిది అనే కదరా అంటాం, కి ఎక్కడ్నుంచి తెచ్చినావు’ అని తిరిగి నన్నే అడిగింది. మూడోది ఉందా అంటే ‘ఉంటుంది, మా అవ్వ అనేది’ అనింది. ఏమనేది అంటే ‘ఆమెనే అడగాల’ అనింది. అవ్వ పోయి ఎన్నో ఏండ్లయింది.

ఉగ్గాని బజ్జి:
‘కి’ పోయింది! షోకు గెలిచింది.

తెలుగు అయివారు:
ఆమె ఇప్పుడు కాదన్నంత మాత్రాన అప్పుడు అనలేదని కాదు. మొదట నోటికొచ్చిందే అసలైన పాఠం. గుర్తు చేసుకుని చెప్పింది సవరించిన పాఠం. బ్రౌను దొర వేమన పద్యాలు పోగు చేసేటప్పుడు ఎన్ని పాఠాలు చూశాడో, దేన్ని ఉంచాలో తేల్చుకోలేక ఎంత తంటాలు పడ్డాడో కడపవాళ్ళకు నేను చెప్పాలా? 1820లో అక్కడికొచ్చి, బంగళా కొని, జీతం రాళ్ళు పోసి పండితులను కూర్చోబెట్టుకుని…

బ్యాంకు మాజీ:
ఆయనొక్కడే సొంత సొమ్ముతో సోకు చేసుకున్నాడు.

రాగిరేకు:
పుస్తకాల సోకు. ఆ బంగళా ఉన్న చోటనే ఇప్పుడు బ్రౌన్ లైబ్రరీ. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి కూర్చోకపోతే ఆ స్థలం ఎవరి పాలయ్యేదో. ఎప్పుడైనా వస్తే చెప్పండి, చూపిస్తా.

పెన్నేటి ఇసుక:
వస్తాం గానీ అన్నా, తెరువరి సంగతి సగంలో ఉంది. తెరువరి అంటే బాటసారి అని అందరూ అంటారు. నాకెందుకో తెరిచేవాడు అనిపిస్తుంది. తేనెపట్టును పొగబెట్టి, కోసి, తెరిచి తీసుకుపోయేవాడు. దారిన పోయేవాడికి ఈగలు తేనె ఊరికే ఇస్తాయా? కుట్టి చంపవా?

తెలుగు అయివారు:
తెరువు అంటే దారి నాయనా. బతుకుతెరువులో తెరువు. దాని మీద పోయేవాడు తెరువరి. ఇందులో వాదం లేదు.

పెన్నేటి ఇసుక:
మీరు అరసున్న పెట్టి దయ్యాన్ని తెస్తే అది పాండిత్యం, నేను తెరవడం అంటే వాదం లేదా?

మడకశిర మల్లె:
ఇసుక తమ్ముడి మాటలో ఒక న్యాయముంది. పట్టు కోసేవాడు దొంగ, దారిన పోయేవాడు అదృష్టవంతుడు. వేమన ఎవరిని అన్నాడనేదాన్ని బట్టి ఆ బండి పిల్లోడు దొంగా, తెరువరా అనేది తేలుతుంది. పొరపాటున పడింది తీసుకున్నోడిని ఏమంటారు అయివారూ?

బ్యాంకు మాజీ:
314 అంటారమ్మా.

తెలుగు అయివారు:
తెరువు మీద నా దగ్గర ఇంకో నాలుగు ప్రయోగాలున్నాయి, రాత్రికి పెడతాను. ఎవరూ ఈలోపల కామెంట్లు ఆపేయకండి.

ఉగ్గాని బజ్జి:
పెట్టండి సార్. సోగ్గాడు సొగసుకాడా, షోకుకాడా అనేది కూడా ఈ రాత్రికే తేల్చేద్దాం, నేను ఉగ్గాని తినేసి వస్తా.